చౌడు సుంకప్ప చెప్పలేదట

మా ఊరి మిద్దెలు చూడ్డానికి చదునుగా ఉంటాయి. ఆ మాట సుంకప్ప ముందు అంటే మాత్రం, కళ్ళు లేనివాడిని చూసినట్టు చూసేవాడు. చెప్పులు విప్పించి మిద్దె మీదికి తీసుకుపోయి, చెంబెడు నీళ్ళు నడిమధ్యలో పోసేవాడు. నీళ్ళు ఒక్క క్షణం తటపటాయించి, వాననీరు బయటికి పోయేలా మూలన పెట్టిన దోనె వైపు మెల్లగా కదిలేవి. కంటికి కనపడని ఆ వాలు ఆయన అరికాళ్ళకు తెలిసేది. "నీళ్ళకు నువ్వు దారి సూపియ్యకుంటే, అవి నీ ఇంట్లోనే దారి సూసుకుంటాయి" అనేవాడు.

ఆయన పని మిద్దెలకు చౌడు వెయ్యడం. వంకల పక్కన తెల్లగా ఉప్పులా పొంగే మన్నే చౌడు. దాంట్లో గడ్డి కూడా మొలవదు. మా దిక్కున పనికిమాలిన మనిషిని చౌడునేలతో పోలుస్తారు. కానీ దూలాల మీద కట్టెలు, కట్టెల మీద ఆకూ అలమూ, దానిమీద మన్ను వేసి, అన్నిటికీ పైన ఆ చౌడు జానెడు పరిచి తడిపి తొక్కితే, నీటి చుక్క కిందికి దిగదు. ఉరవకొండ చుట్టుపక్కల ఇరవై ఊళ్ళలో ఆయన తొక్కని మిద్దె లేదు. పేరు సుంకప్పే అయినా అందరికీ చౌడు సుంకప్ప. ఆయన చౌడు వేసిన మిద్దె మీద ఎవరూ చెప్పులతో నడవరు, గుంజ పాతరు. బట్టలారేసే తాడు కూడా గోడకే కట్టుకోవాలి. కడవకు చిల్లు పెడితే నీళ్ళు పోతాయి, మిద్దెకు చిల్లు పెడితే ఇల్లే పోతుందని ఆయన ప్రతి గడపలోనూ చెప్పి దిగేవాడు.

నేను ఆ ఊరి పోస్టుమాస్టర్ని. పేరు తిప్పేస్వామి. పోస్టాఫీసంటే మా ఇంటి ముందు గదే. ఐదెకరాల మెట్ట ఉంది, వాన పడితే బుడ్డలు, అదే వేరుశనగ, పడకపోతే బీడు. ఊళ్ళో అర్జీలు, ఉత్తరాలు, సంతకాలు అన్నీ నా చేతి మీదుగా పోయేవి. నా దస్తూరీ బాగుంటుందని నాకు కాస్త గర్వం. ఆ గర్వం ఎందుకు పనికొచ్చిందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

రెండువేల సంవత్సరం దాటాక వానలు మానేశాయి. వాన లేకపోతే రైతు పోతాడని అందరూ రాస్తారు. వానను ఆపేవాడు కూడా పోతాడని ఎవరికీ తట్టదు. ఏటా మృగశిర ముందు మిద్దెలకు చౌడు వేయించుకునే జనం "వానే ల్యా, చౌడెందుకప్పా?" అనడం మొదలుపెట్టారు. ఒక ఏడు వాయిదా వేశారు. రెండో ఏడు మర్చిపోయారు. సుంకప్పకు అప్పటికి యాభై దాటింది. కరువు పనుల్లో గుంతలు తవ్వడానికి పోయేవాడు. గుంత గట్టు మీద కూర్చుని, ఊరి మిద్దెల వైపు చూస్తూ "పగుళ్ళిచ్చినాయి, సూడు" అనేవాడు. ఎవరూ చూసేవాళ్ళు కాదు.

రెండువేల మూడులో మా దిగువ వీధికి సోలారు దీపాలు మంజూరయ్యాయి. కరెంటు స్తంభం రాని ముప్పై ఎనిమిది ఇండ్లు, అందులో మాదీ ఒకటి. ప్రతి మిద్దె మీదా ఒక ప్లేటు, దాని కాలికి ఒక ఇనుప పెట్టె. ప్లేటు నుంచి వచ్చే వైర్లు ఆ పెట్టెలో కలిసి, అక్కడి నుంచి ఇంట్లో బ్యాటరీకి దిగాలి. బిగించే కంపెనీ తరపున ముఖేష్ అనే సూపర్వైజరు వచ్చాడు. మంచి కుర్రాడే. వచ్చీ రాగానే బూట్లతో నిచ్చెన ఎక్కబోయాడు. ఆ ఇల్లు సుంకప్ప చెల్లెలు ఓబులమ్మది. మొగుడు పోయిన మనిషి, ఒంటరిగా నెగ్గుకొస్తున్న మనిషి. చీపురు అడ్డం పెట్టి నిలబడింది.

"బూట్లిప్పినా ఎక్కనియ్యను. మాయన్న సరే అంటేనే" అంది.

పక్కింట్లోనూ అదే మాట. ఆ పక్కింట్లోనూ అంతే. సాయంత్రానికి ముఖేష్‌కు అర్థమైంది, ముప్పై ఎనిమిది మిద్దెలకు తాళంచెవి ఒక్కటేనని. మరుసటి రోజు గుంతల దగ్గరికే పోయి సుంకప్పను వెతికి పట్టుకున్నాడు.

సుంకప్ప మిద్దె ఎక్కి, ముఖేష్ చూపించిన బొమ్మ చాలాసేపు చూశాడు. స్టాండు నాలుగు కాళ్ళకూ నాలుగు బోల్టులు, మిద్దెలోంచి దూలంలోకి దిగాలి.

"ఈ బొమ్మ గీసినోడు సిమెంటు మిద్దె సూసి గీసినాడు సార్. ఇది మన్ను. దీనికి చిల్లు పెట్టగూడదు. గోడ మీద బండ పెట్టి, బండకు మీ కాళ్ళు బిగీండి. మిద్దెను తాకొద్దు."

"ఫోటోలో నాలుగు బోల్టులూ కనిపించాలి పెద్దాయనా. కనిపించకపోతే పై ఆఫీసులో ఒప్పుకోరు. గోడ మీద పెడితే నేను చెయ్యలేదనే రాస్తారు."

"ఫోటో కోసరం మిద్దె చెడగొట్టుకుందుమా?"

మూడు రోజులు ఆయన ఒప్పుకోలేదు. మూడు రోజులూ వీధి వీధంతా ఆయన మీద పడింది. నువ్వు అడ్డం పడితే ఈ దీపాలు పక్కూరికి పోతాయన్నారు. నేనూ అన్నాను. వానలు యాడుండాయి మనకు, నువ్వింకా వాననే పట్టుకోని యాలాడతాండావు అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. కానీ మెత్తబడ్డాడు. రెండేళ్ళుగా ఏ ఇంటివాళ్ళూ మా మిద్దె ఎక్కు సుంకన్నా అని పిలవలేదు. ఇప్పుడు ముప్పై ఎనిమిది మిద్దెలు ఒక్కసారిగా పిలుస్తున్నాయి. పని మీద మోజున్న మనిషికి అంతకంటే పెద్ద ఎర ఉండదు.

రెండు షరతులు పెట్టాడు. పెట్టెలోకి వైరు పైనుంచి పోకూడదు. కిందికి వేలాడి, వంగి, అడుగునుంచి పైకి ఎక్కాలి. అప్పుడు వైరు పట్టుకుని జారే నీటి చుక్క వంపు దగ్గరే రాలిపోతుంది, పెట్టెలోకి ఎక్కదు. "వైరుకు గడ్డం పెట్టల్ల" అన్నాడు. ముఖేష్‌కు ఆ మాట తెగ నచ్చింది. తర్వాత ఏ ఊరికి పోయినా పనివాళ్ళకు గడ్డం పెట్టారా అని అడిగేవాడట. రెండో షరతు, బోల్టుల చుట్టూ కంపెనీ ఇచ్చే నల్ల జిగురు వద్దు.

"ఆ జిగురు మా ఎండకు నాలుగు నెల్లు గూడా ఆగదు. నా చౌడు కూరుతా. నా చౌడుండగా చుక్క దిగదు."

జిగురు డబ్బాలు మిగిలాయని ముఖేష్ సంతోషించాడు. అందరం సంతోషించాం. మొదటి స్టాండు ఓబులమ్మ మిద్దె మీదే బిగించారు. నా చెల్లెలి ఇంటి మీదే పెడతాండా, ఇంక మీకేం భయమని సుంకప్ప వీధికి చెప్పాడు. ప్రతి బోల్టు చుట్టూ చౌడును తడిపి, వేళ్ళతో కూరి, మడమతో తొక్కి, అరచేత్తో నున్నగా తీశాడు. పసిబిడ్డకు నూనె రాసినంత ఓపికగా చేశాడు. పని అయ్యాక కంపెనీ వాళ్ళు తమ పనివాళ్ళు వేసుకునే నీలం చొక్కా ఒకటి ఇచ్చారు. అది వేసుకుని వీధిలో నడిచేవాడు. రాత్రి ఇండ్లలో తెల్లటి వెలుగు కనిపిస్తే, తానే వెలిగించినట్టు మురిసిపోయేవాడు.

తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు చెప్పాలి. చౌడు ఉప్పు మన్ను. ఉప్పు ఇనుమును తింటుంది. ఇది ఆయనకు తెలియదా అని మీరు అడగవచ్చు. మా మిద్దెల్లో ఇనుమన్నది లేదు. కట్టె, ఆకు, మన్ను, అంతే. చౌడు తవ్విన పారకు తుప్పు పడితే ఇసుకతో తోమేవాడు. మిద్దెలో పూడ్చిపెట్టిన ఇనుము ఏమవుతుందో చూసే అవసరం ఆయనకు గానీ, ఆయన తాతకు గానీ ఎప్పుడూ రాలేదు. చిల్లు పెట్టొద్దన్న ఒక్క విషయంలో ఆయన మాట వినకుండా, చౌడు కూరుతానన్న ఒక్క విషయంలో విన్నాం. వినాల్సింది వదిలేసి, వినకూడనిది విన్నాం.

రెండేళ్ళు ఏమీ కాలేదు. రెండువేల ఐదు ఎండాకాలంలో గాలికి ఓబులమ్మ మిద్దె మీద స్టాండు ఊగుతోందని సుంకప్ప ఎక్కి చూశాడు. బోల్టు పట్టుకుంటే చేతిలోకి ఊడివచ్చింది. బొటనవేలంత ఉండాల్సింది దబ్బనంలా మిగిలింది. తిన్నంత మేరా తుప్పు పొడిగా రాలి, దాని చుట్టూ సందు పడింది. చెంబెడు నీళ్ళు తెప్పించి పోశాడు. నీళ్ళు దోనె వైపు పోలేదు. ఆ సందులో గుడగుడమని దిగిపోయాయి. ఇంట్లో ఒక్క చుక్క కారలేదు. కారకపోవడమే ఆయనను భయపెట్టింది. నీళ్ళన్నీ దూలం తాగేసింది. అప్పుడప్పుడూ పడిన తుంపర్లన్నీ రెండేళ్ళుగా అది తాగుతూనే ఉంది. గడ్డపార మొనతో పొడిస్తే దూలం నానిన రొట్టెలా దిగిందని నాతో చెప్పాడు.

"తప్పు నాదే తిప్పేసామీ. నా చౌడే తినేసింది. వాన పడకముందే అన్నీ పీకల్ల. కొత్త దూలం కింద ఊతం పెట్టల్ల. ఇంటికి వారం పడ్తాది. కూలి వద్దు, నేనే చేస్తా. నీ మిద్దె సూపీ."

ఆ వారం రోజులు దీపం ఉండదు. రాత్రి అన్నం తిన్నాక ఆ వెలుతుర్లో పేపరు చదవడం నాకు అలవాటైంది. అంత చిన్న సంగతి కోసం నేనన్న మాట ఇది:

"చౌడుకు పని ల్యాకపోతే పని పుట్టిస్తాండావా సుంకప్పా?"

ఆయన గడ్డపార భుజాన వేసుకుని పక్కింటికి పోయాడు. ముప్పై ఎనిమిది గడపలూ తొక్కాడు. ఒకరు పండగయ్యాక చూద్దామన్నారు. ఒకరు స్టాండు పీకితే కంపెనీవాళ్ళు దీపం పట్టుకుపోతారన్నారు. నా మాట నాకంటే ముందే వీధి చుట్టి వచ్చింది. చౌడు పని కోసం కొత్త కథ అల్లుతున్నాడని తేల్చేశారు. అన్నిటికంటే ఘోరంగా మాట్లాడింది ఓబులమ్మ. విత్తనపు బుడ్డలు ఒలిచే పని ఆమెకు ఆ దీపం కిందే దొరికింది. వారం మానేస్తే మూటలు వేరే ఇంటికి పోతాయి. అన్న నిచ్చెన మీద ఉండగానే నిచ్చెన పట్టుకుని ఊపింది.

"దిగు! చెల్లెలి గడపలో నిలబడి ఇల్లు కూలతాదంటావా? నువ్వే పెట్టినావు, నువ్వే పీకుతానంటావు. నువ్వు చెప్పినప్పుడల్లా ఎక్కనిచ్చేకి, దిగనిచ్చేకి ఇదేమన్నా నీ ఇల్లా?"

ఉరవకొండలో కంపెనీ ఆఫీసుకు పోయాడు. ముఖేష్ బదిలీ అయిపోయాడు. కొత్తాయన సంగతేమిటో వినకుండానే కాగితం మీద రాసి తీసుకురమ్మన్నాడు. సుంకప్ప నా దగ్గరికి వచ్చి రాసివ్వమన్నాడు. రేపు రాద్దాంలే అన్నాను. ఆ రేపు రాలేదు. ఆయన నాలుగుసార్లు తిరిగాడు, ఐదోసారి రాలేదు.

అక్టోబరులో వాన వచ్చింది. అలాంటి వాన మా పిల్లలు పుట్టాక చూడలేదు. మూడు రోజులు ఆగకుండా కురిసింది. చెరువు నిండి మరవ మీదుగా పొంగి పారింది. ముసలివాళ్ళు కూడా తడుస్తూ నిలబడ్డారు. జిల్లా మొత్తం మీద వాన ఆగాలని మొక్కుకున్న మనిషి ఒక్కడే ఉండి ఉంటాడు. ఆయన గోనెసంచి కప్పుకుని ఇంటింటికీ తిరిగాడు. "బడికి పోండప్పా, మిద్దె కింద ఉండొద్దండి" అని అరిచాడు. ఇన్నేళ్ళకు వాన పడుతుంటే ఈ ఏడుపేంటని మన్ను తీసి కొట్టినంత పని చేశారు. నేను తలుపు వేసుకున్నాను.

మూడో రోజు పొద్దున తొమ్మిది గంటలప్పుడు ఓబులమ్మ మిద్దె కూలింది. పిడుగులాంటి చప్పుడేం రాలేదు. ఎద్దు కూర్చున్నట్టు మెత్తగా కూర్చుంది. నానిన చౌడు బరువు మీకు తెలియదు. పది బండ్ల మన్ను ఒక్కసారి మీద పడినట్టే. సుంకప్ప వేళ్ళతో తవ్వాడు. మేమందరం పోయేసరికి ఆయన గోళ్ళు ఊడి రక్తం కారుతోంది. ఓబులమ్మను బతికుండగానే బయటికి లాగాడు. ఎడమకాలు మోకాలి కింద రెండు ముక్కలైంది. అది చూశాక వీధి వీధంతా బడికి పరుగెత్తింది. ఆ రోజు, మరుసటి రోజు ఇంకా ఐదు మిద్దెలు పడ్డాయి. వాటి కింద ఎవరూ లేరు. ఆయన అరుపు వల్ల కాదు, ఆమె కాలు వల్ల బతికామని జనం అనుకున్నారు.

నెలకు కంపెనీ తరపున విచారణ పెట్టారు. అంతకు ముందే, దీపాలు బిగించినప్పుడు కంపెనీ ఇచ్చిన ఒప్పంద కాగితం ఊళ్ళోవాళ్ళు నా దగ్గరికి తెచ్చారు. చదివిపెట్టమన్నారు. అందులో ఒక ఇరుకు దారి కనిపెట్టింది నేనే. బిగించినవాడు లోపం తెలిసి దాచిపెట్టి ఉంటే, కంపెనీయే అన్ని ఇండ్లకూ కొత్త కప్పు వేయించి ఇవ్వాలి. ముందే హెచ్చరించినా ఇంటివాళ్ళు వినకపోతే, కంపెనీకి సంబంధం లేదు. రెండు వాక్యాలే. రెండుసార్లు చదివి వినిపించాను. తర్వాత ఎవరో "మనకేం చెప్పినాడప్పా ఆయప్ప?" అన్నారు. "ఏం చెప్పల్యా" అని ఇంకెవరో అన్నారు. అంతే. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. తెల్ల కాగితం తీసి, నా చక్కటి దస్తూరీతో రాశాను: బోల్టులు చెడిపోయిన సంగతి సుంకప్పకు తెలిసి కూడా మాలో ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఎనిమిది ఇండ్లవాళ్ళూ సంతకాలు, వేలిముద్రలు వేశారు. మొదటి సంతకం నాది. ఈ సంగతి సుంకప్పకు చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు. తోచలేదని రాస్తున్నాను, అదీ అబద్ధమే. అందరికీ తోచింది.

విచారణ బడి వరండాలో జరిగింది. ఓబులమ్మను మంచం మీద మోసుకొచ్చారు. కాలికి కట్టు, ముఖం పాలిపోయి ఉంది. ఆఫీసరు కాగితం చదివి, నిజమేనా అమ్మా అని అడిగాడు.

"మాయన్న నాకొక్క మాట చెప్పింటే, ఆ మిద్దె కింద నేనెందుకుంటాను సార్?" అంది. అని, అటు గోడ వైపు తిరిగింది.

సుంకప్ప నీలం చొక్కాలో స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. ఆ మాట విన్నప్పుడు ఆయన ముఖం చూశాను. ముందు ఆశ్చర్యం కనిపించింది. తర్వాత మా అందరినీ ఒక్కొక్కరినే చూశాడు. అందరం నేల చూశాం. ఆయనకు చదువు రాదు, ఒప్పందం చదవలేదు. అయినా ఇందులో ఏదో కిటుకు ఉందని, అది తన చెల్లెలి ఇంటి కప్పుతో ముడిపడి ఉందని ఆయనకు అర్థమైంది.

"నువ్వు చెప్పు. వీళ్ళకు ముందుగా చెప్పావా, లేదా?" అన్నాడు ఆఫీసరు.

ఆయన చెప్పానని అంటే మేం ముప్పై ఎనిమిది మందిమీ అబద్ధాలకోరులం. లేదంటే ఆయనొక్కడే. ఆయన చెప్పాననాలని కోరుకున్నానో, అనకూడదని కోరుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. కాదు, తేల్చుకోగలను. అనకూడదనే కోరుకున్నాను.

"చెప్పల్యా సార్" అన్నాడు సుంకప్ప. "ఎవురికీ చెప్పల్యా. బయపడి దాచిపెట్టినా."

వేలిముద్ర వేశాడు. గోళ్ళు ఊడిన వేళ్ళు ఇంకా మానలేదు, ముద్ర సరిగా పడకపోతే మళ్ళీ వేయించారు. కంపెనీవాళ్ళు ఆయన మీద కేసు పెడతామని బెదిరించి, చొక్కా వెనక్కి తీసుకుని వదిలేశారు.

ఏడాదిన్నరకు ముప్పై ఎనిమిది ఇండ్లకూ సిమెంటు కప్పులు పడ్డాయి. మేం అబద్ధమాడి తెచ్చుకున్నవే అయినా గట్టిగానే ఉన్నాయి. వాటికి చౌడు అక్కర్లేదు. సుంకప్ప ఇంటికి కప్పు రాలేదు. కంపెనీ ఆయనను పనివాడిగానే రాసుకుంది, దీపం ఇవ్వలేదు, అందుకే ఆయన పేరు జాబితాలోనే లేదు. చుట్టుపక్కల ఊళ్ళలో మన్ను మిద్దెలు ఇంకా ఉన్నాయి గానీ, తెలిసి దాచిపెట్టినవాడిని ఎవరు మిద్దె ఎక్కనిస్తారు? ఎవరివో మేకలు తోలుకుని గుట్టల వెంట తిరిగేవాడు. నన్ను చూస్తే "బాగుండావా తిప్పేసామీ" అనేవాడు. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికేవాడిని. ఉంటే బాగుండేది.

ఓబులమ్మ మొదట్లో సిగ్గుపడి ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడక మాట్లాడక అది కోపమైంది. కోపానికి ఏదో ఒక కారణం కావాలి కదా. కుంటుకుంటూ నీళ్ళకు పోయే ప్రతిసారీ, ఎవరైనా జాలిగా చూసిన ప్రతిసారీ, మాయన్న ఒక్క మాట చెప్పింటే అని అనేది. మొదటి ఏడు ఆ మాట అనేటప్పుడు కళ్ళు దించేది. రెండో ఏడు దించలేదు. వీధి కూడా అంతే. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళకు, పెరుగుతున్న పిల్లలకు అదే కథ చెప్పారు.

రెండువేల తొమ్మిది ఎండాకాలంలో, గుట్ట మీద మేకల దగ్గరే సుంకప్ప చనిపోయాడు. వడదెబ్బ అన్నారు. మట్టి చేసి వచ్చి, అందరం ఓబులమ్మ కొత్త ఇంటి అరుగు మీద కూర్చున్నాం. దాచిపెట్టకపోయింటే మంచి మనిషే పాపం అని ఒకరన్నారు. నాలో ఏదో తెగింది. ఇంక ఆయనకు గానీ మనకు గానీ పోయేదేముందని లేచి నిలబడ్డాను.

"దాచిపెట్టల్యా. చెప్పినాడు. నాకు చెప్పినాడు, నీకు చెప్పినాడు, ఇంటింటికీ తిరిగి చెప్పినాడు. మనమే వినల్యా. ఓబులమ్మా, నిచ్చెన ఊపి దింపినావు, గుర్తుందా?"

ఎవరూ కోప్పడలేదు. వయసులో పెద్దవాళ్ళు తలలు దించుకుంటారేమో అనుకున్నాను. దించుకోలేదు. మతి తప్పినవాడిని చూసినట్టు చూశారు. ఓబులమ్మ కర్ర ఆనించుకుని నా వైపు తిరిగింది. ఆ కళ్ళలో అబద్ధం కోసం వెతికాను. నాకు దొరకలేదు.

"ఏమప్పా తిప్పేసామీ, చచ్చినోని మింద జాలి ఉంటే ఉండనీ, అబద్దాలెందుకు?" అంది. "చెప్పల్యా అని రాసింది నువ్వే కదా."